ఎస్‌సీఏలో మీ పేరు ముందు ఏ బిరుదు పెట్టుకోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

1966 మే 1న కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో, ఒక ఇంటి పెరట్లో కత్తియుద్ధాల పోటీ పెట్టుకుని విందు చేసుకున్నారు కొందరు. సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రానిజం పుట్టింది అక్కడే. అందరూ ఎస్‌సీఏ అంటారు. 17వ శతాబ్దానికి ముందటి లోకాన్ని బట్టలు, వంటలు, యుద్ధాలు, చేతిపనులతో మళ్ళీ బతికించుకోవడం దీని పని. ఇప్పుడు ప్రపంచాన్ని 20 రాజ్యాలుగా పంచుకుంది. డల్లాస్, హ్యూస్టన్‌లలో ఉండే తెలుగువాళ్ళు ఆన్‌స్టెయోరా రాజ్యంలో ఉన్నట్టు. న్యూజెర్సీ వాళ్ళది ఈస్ట్. వర్జీనియా, మేరీలాండ్, కెరొలినాల వాళ్ళది అట్లాంటియా. బే ఏరియా వాళ్ళది వెస్ట్. సిడ్నీ, మెల్‌బోర్న్, ఆక్లండ్ వాళ్ళది లోకాక్. లండన్ వాళ్ళది డ్రాకెన్‌వాల్డ్.

కొత్తగా చేరినవాళ్ళు బట్టలు, కత్తుల తర్వాత ఎక్కువగా అడిగేది బిరుదుల గురించే. మన దగ్గర బిరుదంటే సభ పెట్టి, శాలువా కప్పి ఇచ్చేది. లేదంటే ఎవరో ఒకరు మొదలుపెడితే జనం నోట అలా నిలిచిపోయేది. ఇక్కడ లెక్క వేరు.

చేరిన రోజు నుంచే పేరు ముందు 'లార్డ్' అని రాసుకోవచ్చా?

రాసుకోకూడదు. ఎస్‌సీఏలో బిరుదు అంటే రాజుగారో రాణిగారో దర్బారులో పిలిచి ఇచ్చిన గౌరవానికి గుర్తు. అది అందేవరకు మీ పేరొక్కటే చాలు. అందులో చిన్నతనం ఏమీ లేదు. మొదటి ఈవెంట్‌కి వచ్చినవాళ్ళందరూ అలా మొదలైనవాళ్ళే.

ఒక తికమక మాత్రం ఉంది. ఎదుటివాళ్ళు మిమ్మల్ని 'మై లార్డ్', 'మై లేడీ' అని పిలవచ్చు. అది ముక్కూమొహం తెలియని మనిషిని మర్యాదగా పిలిచే తీరు, మనం కొత్తవాళ్ళని 'అండీ' అన్నట్టు. అలా పిలిచారు కదా అని సైన్‌ఇన్ పట్టికలో 'లార్డ్ ఫలానా' అని రాస్తే తప్పు. పిలుపు వేరు, బిరుదు వేరు.

అంచెలు ఎన్ని? ఏది దేనికి?

కింద నుంచి పైకి చూద్దాం. మొదటిది అవార్డ్ ఆఫ్ ఆర్మ్స్. ఆర్మ్స్ అంటే ఇక్కడ ఆయుధాలు కావు, డాలు మీద వేసుకునే గుర్తు. ఇది అందినవాళ్ళు లార్డ్ లేదా లేడీ. రెండోది గ్రాంట్ ఆఫ్ ఆర్మ్స్. ఇది అందితే ముందు 'ది ఆనరబుల్' చేరుతుంది. ది ఆనరబుల్ లార్డ్, ది ఆనరబుల్ లేడీ అన్నమాట. మూడోది పేటెంట్ ఆఫ్ ఆర్మ్స్. ఇది అందినవాళ్ళని పీర్లు అంటారు. యుద్ధంలో ఆరితేరిన నైట్‌లు, కళలు, శాస్త్రాల్లో పేరు తెచ్చుకున్న లారెల్‌లు, ఏళ్ళ తరబడి సేవ చేసిన పెలికన్‌లు, రేపియర్ కత్తిలో నిలిచిన డిఫెన్స్ వాళ్ళు, విలువిద్యకీ విసిరే ఆయుధాలకీ వచ్చిన కొత్త వర్గం మార్క్ వాళ్ళు ఈ వరసలోకి వస్తారు. వీళ్ళలో ఎక్కువ తక్కువలు లేవు. అందరిదీ ఒకటే మెట్టు.

రాజ్యం ఏలినవాళ్ళది వేరే లెక్క. రాజు కావాలంటే క్రౌన్ టోర్నమెంట్‌లో గెలవాలి. చాలా రాజ్యాల్లో పాలన దాదాపు ఆరు నెలలు. ఒకసారి ఏలి దిగిపోయినవాళ్ళు కౌంట్, కౌంటెస్. రెండోసారి కూడా ఏలితే డ్యూక్, డచెస్. రాజ్యంలో భాగంగా ఉండే ప్రిన్సిపాలిటీని ఏలినవాళ్ళు వైకౌంట్, వైకౌంటెస్. కౌంట్ బదులు ఎర్ల్ అనీ పిలిపించుకోవచ్చు. నార్స్ పర్సోనా, అంటే వైకింగ్‌ల నాటి మనిషి పాత్ర, ఎంచుకున్నవాళ్ళకి జార్ల్ అంటే ఇష్టం. అర్థం ఒకటే కనుక ఏది వాడినా తప్పు లేదు.

బారన్‌ల సంగతి విడిగా చెప్పాలి. కింద చెప్పాం.

'సర్' అని ఎవరినైనా అనవచ్చా? మనకి అందరినీ 'సార్' అనడం అలవాటు కదా?

ఈ అలవాటు దగ్గరే తెలుగువాళ్ళు ఎక్కువగా జారతారు. బ్యాంకులో కౌంటర్ వెనకున్న అబ్బాయి నుంచి ప్రిన్సిపాల్ దాకా మనకి అందరూ 'సార్'లే. ఎస్‌సీఏలో 'సర్' అన్నది నైట్‌కి మాత్రమే చెందిన బిరుదు. దర్బారు బయట ఎవరో పెద్దమనిషిని 'యెస్ సర్' అన్నంత మాత్రాన ఎవరూ తప్పు పట్టరు. కానీ పేరుకి తగిలించి 'సర్ ఫలానా' అంటే వినేవాళ్ళకి ఆయన నైట్ అనిపిస్తుంది. లారెల్ అందుకున్న గొప్ప కుట్టుపని మనిషిని మర్యాద కోసం 'సర్' అంటే ఆవిడో ఆయనో ఇబ్బంది పడి సరిదిద్దుతారు.

'సర్' ఎప్పుడూ సొంత పేరుతోనే వస్తుంది. ఇంటిపేరుకి ముందు రాదు. నైట్ పేరు రేచర్ల మారన అనుకుంటే 'సర్ మారన' అనాలి, 'సర్ రేచర్ల' అనకూడదు.

ఇంకో మాట 'మాస్టర్'. మన పెళ్ళి కార్డుల్లో, బడి ఫారాల్లో చిన్నపిల్లల పేరు ముందు 'మాస్టర్' అని వేస్తారు. డ్రిల్ మాస్టర్, డాన్స్ మాస్టర్, ఊళ్ళో మాస్టారు, ఇవన్నీ మనకి మామూలు మాటలు. ఇక్కడ మాస్టర్, మిస్ట్రెస్ అన్నవి పీర్ల బిరుదులు. పిల్లాడి పేరు ముందు సరదాగా రాసి ఇస్తే, దర్బారులో పేర్లు ప్రకటించే హెరాల్డ్ చదవడు.

నైట్‌కీ మాస్టర్‌కీ తేడా ఏమిటి?

షివల్రీ అనే వర్గంలో రెండు దారులు ఉన్నాయి. రాజుకి విధేయత ప్రమాణం చేసేవాళ్ళు నైట్. ఆ ప్రమాణం వద్దనుకునేవాళ్ళు మాస్టర్ ఎట్ ఆర్మ్స్. ఆయుధంలో నైపుణ్యం ఒకటే, గౌరవం ఒకటే. నైట్‌కి నడుముకి తెల్లని బెల్ట్, మెడలో లాకెట్ లేని సాదా బంగారు గొలుసు ఉంటాయి. మాస్టర్ ఎట్ ఆర్మ్స్‌కి బాల్డ్రిక్, అంటే భుజం మీదుగా వాలే తెల్లని పట్టీ, ఉంటుంది.

లారెల్, పెలికన్ వాళ్ళందరికీ మాస్టర్, మిస్ట్రెస్ అన్నవి సాధారణ బిరుదులు. అందుకే 'మాస్టర్ ఫలానా' అంటే యోధుడో, కుమ్మరి పనివాడో, వంటలో ఆరితేరినవాడో పేరు విని తెలియదు. మెడలో వేసుకున్న గుర్తు చూడాలి. లారెల్ ఆకుల దండ అయితే కళలు. తన రొమ్ము పొడుచుకుని పిల్లలకి రక్తం పెట్టే పెలికన్ పక్షి అయితే సేవ.

బారన్‌లు రెండు రకాలంటారు, నిజమేనా?

నిజమే. ఒక ఊరికో ప్రాంతానికో ఉన్న బారనీని పాలించే బారన్, బారొనెస్ ఒక రకం. వీళ్ళని రాజుగారు నియమిస్తారు, పదవి వదిలాక ఆ అధికారం పోతుంది. కోర్ట్ బారన్‌లు రెండో రకం. వీళ్ళకి ప్రాంతం ఉండదు, దర్బారులో వ్యక్తిగతంగా ఇచ్చిన గౌరవం అది. ఇద్దరినీ 'బారన్ ఫలానా' అనే అంటారు. ఎదురుగా పిలిచేటప్పుడు 'యువర్ ఎక్సలెన్సీ' అంటే సరిపోతుంది. పరిచయం చేసేటప్పుడు ఏ ప్రాంతానికి బారనో చెబితే వినేవాళ్ళకి సందేహం ఉండదు.

పై మెట్లలో ఎలా పిలవాలో కూడా ఇక్కడే. రాజు, రాణి: యువర్ మెజెస్టీ. యువరాజు, యువరాణి: యువర్ హైనెస్. డ్యూక్, డచెస్: యువర్ గ్రేస్. కౌంట్, వైకౌంట్: యువర్ ఎక్సలెన్సీ. గ్రాంట్ ఉన్నవాళ్ళు: యువర్ లార్డ్‌షిప్, యువర్ లేడీషిప్. తెలియకపోతే 'మై లార్డ్', 'మై లేడీ'. దాంతో ఎవరూ నొచ్చుకోరు.

నాకు మూడు బిరుదులు ఉన్నాయి. మూడూ కలిపి రాసుకోవచ్చా?

మన శాసనాల్లో రాజుల పేరు రాకముందే పది పదిహేను బిరుదులు వరసగా వస్తాయి. 'శ్రీమన్మహామండలేశ్వర' అని మొదలుపెట్టి పేరు దగ్గరికి వచ్చేసరికి చదివేవాడికి ఊపిరి ఆడదు. ఎస్‌సీఏలో దర్బారు అలా చేస్తే పూట గడవదు. పిలిచేటప్పుడు ఒక బిరుదు, ఒక పేరు. రెండుసార్లు రాజై, నైట్ కూడా అయిన మనిషి మామూలుగా 'డ్యూక్ ఫలానా'. ఆయనకి నైట్ అనే గుర్తింపే ముద్దైతే 'సర్ ఫలానా' అని పిలిపించుకోవచ్చు, అదీ తప్పు కాదు.

రాసేటప్పుడు మిగతావి పేరు చివర పొడి అక్షరాల్లో పెట్టుకునే పద్ధతి ఉంది. షివల్రీకి కే.ఎస్.సి.ఎ., లారెల్‌కి ఓ.ఎల్., పెలికన్‌కి ఓ.పి., డిఫెన్స్‌కి ఓ.డి. ఇవి ఉత్తరాలకే. హెరాల్డ్ గొంతెత్తి చదివేటప్పుడు వాడరు.

ఉన్నదానికన్నా కింది బిరుదు వాడుకోవడం మీ ఇష్టం. పై దాన్ని వాడుకోవడం కుదరదు.

ఇంగ్లిష్ బిరుదే వాడాలా? నా పర్సోనా జర్మన్, ఇటాలియన్ అయితే?

ఆ భాషలోనే వాడుకోవచ్చు, అదే బాగుంటుంది. హెరాల్డ్‌ల సంస్థ కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ పలు భాషల్లో సమానమైన బిరుదుల జాబితా ఒకటి పెట్టుకుంది. లాటిన్‌లో లార్డ్, లేడీకి డొమినస్, డొమినా. మాస్టర్, మిస్ట్రెస్‌కి మాజిస్టర్, మాజిస్ట్రా. జర్మన్‌లో హెర్, ఫ్రౌ. డ్యూక్‌కి హెర్ట్‌సోగ్, కౌంట్‌కి గ్రాఫ్. ఇటాలియన్‌లో కౌంట్‌కి కాంటె, నైట్‌కి కావలియెరె.

ఇందులో ఒక ఉచ్చు ఉంది. 'హెర్' అంటే ఇప్పటి జర్మన్‌లో మామూలు 'శ్రీ'. అందుకని అవార్డ్ రానివాళ్ళు కొందరు అమాయకంగా పెట్టుకుంటారు. ఎస్‌సీఏ జాబితాలో అది లార్డ్‌కి సమానం, కాబట్టి అవార్డ్ వచ్చాకే. ఇవాళ మామూలు మాటగా ఉన్నదీ ఇక్కడ ఒక అంచెకి కట్టి ఉండచ్చు. వాడే ముందు జాబితా చూసుకోండి.

భాషలు కలపకండి. ఫ్రెంచ్ పేరుకి జర్మన్ బిరుదు తగిలిస్తే వినడానికి పట్టు చీర మీద టీషర్ట్ వేసుకున్నట్టు ఉంటుంది. పేరు ఏ కాలానిదో, ఏ ఊరిదో బిరుదు కూడా అక్కడిదే కావాలి.

కాకతీయుల కాలం, విజయనగరం కాలం తెలుగు పర్సోనా పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. ఎస్‌సీఏ ప్రధానంగా మధ్యయుగ యూరప్‌ని చూస్తుంది కానీ, ఆ యూరప్‌తో రాకపోకలు ఉన్న ప్రాంతాల పేర్లనీ ఒప్పుకుంటుంది. 1600 లోపుదైతే చిక్కు ఉండదు. తెలుగునాట దీనికి ఆధారాలకి లోటు లేదు. గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో సముద్ర వర్తకులకి అభయమిస్తూ వేయించిన శాసనం ఉంది. 13వ శతాబ్దం చివర్లో మార్కో పోలో ఆ మోటుపల్లి రాజ్యాన్నే, దాన్ని ఏలే రాణినే వర్ణించాడు. విజయనగరానికైతే 15వ శతాబ్దంలో నికొలో కాంటి, 1520 ప్రాంతంలో డొమింగో పాయెస్ వచ్చి వెళ్ళారు.

పేరు కట్టడం మనకి సులువు. కాకతీయుల కాలంలోనే ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనక. రేచర్ల రుద్రుడు, గోన బుద్ధారెడ్డి, విరియాల కామసాని చూడండి. ఎస్‌సీఏ నియమం కూడా కనీసం రెండు ముక్కలు అడుగుతుంది. సొంత పేరు ఒకటి, ఇంకో ముక్క ఒకటి. రెండూ ఒకే సంస్కృతివి అయితే మధ్య ఎడం 500 ఏళ్ళు దాటకూడదు. వేర్వేరు సంస్కృతులవి అయితే 300 ఏళ్ళు. 12వ శతాబ్దపు సొంత పేరుకి 16వ శతాబ్దపు ఇంటిపేరు కలిపితే ఇబ్బంది లేదు.

ఆడవాళ్ళ పేర్ల చివర 'సాని' అనే ముక్క చూసి ఈ రోజుల్లో కొందరు జంకుతారు. కాకతీయుల కాలంలో అది పెద్దింటి ఆడవాళ్ళ పేర్లకి చేరే గౌరవ పదం. కామసాని శాసనం వేయించిన కుటుంబపు స్త్రీ. మాట అర్థం తర్వాత దిగజారింది. మీకు నచ్చితే పెట్టుకోండి, సందేహం ఉంటే 'అమ్మ', 'దేవి' ఉన్నాయి.

మరి తెలుగు బిరుదు? నాయక, మహామండలేశ్వర లాంటివి?

ఈ ప్రశ్నే చాలామందికి అసలుది. జాబితాలో ఉన్న భాష అయితే నేరుగా వాడవచ్చు. లేనిది అయితే కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్‌కి ఆధారాలతో రాసి, ఒప్పించి చేర్చమనాలి. ఆ పని ఒక్కరితో అయ్యేది కాదు. మీ రాజ్యపు హెరాల్డ్ సాయం తీసుకోండి. ఆధారాలంటే ఏ శాసనంలో, ఏ సంవత్సరంలో, ఆ మాట ఎలాంటి మనిషికి వాడారో చూపించడం. మాట ఉంది అంటే చాలదు. ఏ అంచెకి సరిపోతుందో తేల్చాలి.

ఆ తేల్చడమే కష్టం. 'మహామండలేశ్వర' అంటే ప్రాంతాన్ని ఏలే సామంతుడు. దాన్ని లార్డ్‌కి సమానం అంటే బాగా ఎక్కువైపోతుంది. 'నాయక' కూడా సైన్యాన్ని నడిపే మనిషి హోదా, చిన్నది కాదు. 'రౌతు' అంటే గుర్రపు రౌతు. 'లెంక' అంటే యజమానికి ప్రాణం ఇస్తానని మాటిచ్చిన సేవకుడు. యూరప్ వైపు స్క్వయర్‌కి ఇదే దగ్గర. కానీ స్క్వయర్ ఎస్‌సీఏలో బిరుదు కాదు, ఆ సంగతి తర్వాత.

'దొర' అని వాడుకుంటే ఎలా ఉంటుందని అడిగేవాళ్ళు ఉంటారు. మాట పాతదే. కానీ తెలంగాణలో దానికి ఇంకా ఆరని చేదు ఉంది. గుడారంలో నవ్వుకోవడానికైనా పనికిరాదు.

మా సలహా: ఒప్పుకోలు వచ్చేదాకా దర్బారులో, పట్టికల్లో లార్డ్, లేడీ అనే ఇంగ్లిష్ రూపాలు వాడండి. గుడారంలో, కథల్లో, మీ పర్సోనా రాతల్లో తెలుగు మాట వాడుకోవచ్చు. హెరాల్డ్ ప్రకటించే చోటికి మాత్రం తీసుకురాకండి.

కృష్ణదేవరాయల బిరుదులు, రుద్రమదేవి బిరుదులు వాడుకోకూడదా?

కూడదు. 'మూరురాయరగండ' విజయనగర రాజులది. 'రాయగజకేసరి' రుద్రమదేవిది. 'సాహితీసమరాంగణ సార్వభౌమ' ఎవరిదో తెలుగు రాని వాళ్ళకీ చెప్పక్కర్లేదు. ఇవి రాజుల బిరుదులు. ఎస్‌సీఏలో రాజు కాని మనిషి వీటిని తగిలించుకోవడం రాజుగారి స్థానాన్ని తీసుకోవడమే. పేరు విషయంలోనూ అంతే. చరిత్రలో ప్రసిద్ధులైనవాళ్ళ పేరు ఉన్నదున్నట్టు నమోదు కానివ్వరు. 'రుద్రమదేవి' అంటే తిరిగి పంపుతారు. 'విరియాల రుద్రమ' అంటే చూసేవాళ్ళకి అలాంటి పొరపాటు పడే అవకాశం బాగా తగ్గుతుంది.

నా అసలు పేర్లోనే 'రాజు', 'రావు', 'రెడ్డి', 'నాయుడు' ఉన్నాయి. అవి తీసెయ్యాలా?

ఎస్‌సీఏలో లీగల్ నేమ్ అలవెన్స్ అని ఒక వెసులుబాటు ఉంది. మీ పాస్‌పోర్ట్‌లో ఉన్న ముక్కని, అదే స్థానంలో, చారిత్రక ఆధారం లేకపోయినా వాడుకోవచ్చు. రెడ్డి, నాయుడు, రావు ఇంటిపేరుగానో పేరు చివరి ముక్కగానో ఉంటే ఆ కాపీ జతచేసి పంపండి.

ముందు వచ్చినప్పుడే చిక్కు. 'రాజా ఫలానా', 'రాణి ఫలానా' అని పేరు మొదట్లో వస్తే ఎవరు చదివినా బిరుదు అనుకుంటారు. హెరాల్డ్‌లు తిరిగి పంపే అవకాశం ఎక్కువ. పేరు మధ్యలోనో చివరనో అయితే వాదించవచ్చు. మన కాకతీయుల కాలపు శాసనాల్లో 'రాజు' అన్న ముక్క రాజులకే కాదు, బ్రాహ్మణ ఉద్యోగుల పేర్ల చివర కూడా కనిపిస్తుంది. వాదించేటప్పుడు ఆ సంగతి పనికొస్తుంది.

పేరు, ఆర్మ్స్ నమోదు చేసుకుంటే బిరుదు వచ్చేస్తుందా?

రాదు. రెండూ వేరు. పేరు, షీల్డ్ మీద గుర్తు నమోదు ఎవరైనా చేసుకోవచ్చు. అవార్డ్ ఆఫ్ ఆర్మ్స్ రాకముందు ఆ గుర్తుని డివైస్ అంటారు, వచ్చాక అదే ఆర్మ్స్ అవుతుంది. నమోదు క్రమం ఇది: ఫారాలు నింపి స్థానిక హెరాల్డ్‌కి ఇస్తారు. రాజ్యపు హెరాల్డ్‌లు చూస్తారు. ఆ తర్వాత ఆస్కార్ అనే వెబ్ వ్యవస్థలో ఇతర హెరాల్డ్‌లు వ్యాఖ్యలు రాస్తారు. చివరికి నెలనెలా వచ్చే లేఖలో ఆమోదమో తిరస్కారమో ప్రకటిస్తారు. నెలలు పడుతుంది. తిరస్కరిస్తే కారణం రాస్తారు, సరిదిద్ది మళ్ళీ పంపవచ్చు. బిరుదు మాత్రం నమోదులో భాగం కాదు. ఆమోదమైన పేరు ముందు అది తర్వాత వచ్చి చేరుతుంది.

బిరుదు ఎలా వస్తుంది? అడగాలా?

మీ కోసం మీరే అడిగితే ఎబ్బెట్టుగా చూస్తారు. మీ పని చూసిన ఎవరైనా రాజుగారికి సిఫారసు ఉత్తరం రాయవచ్చు. అలా రాయడానికి రాజ్యాల వెబ్‌సైట్లలో ఫారం ఉంటుంది. 'చాలా మంచివాడు' అని రాస్తే పనికిరాదు. 'రెండేళ్ళుగా ప్రతి ఈవెంట్‌కి వంటగదిలో గిన్నెలు తోముతాడు, ఫలానా విందుకి మెనూ అంతా తనే వండాడు' అని రాస్తే రాజుగారికి కళ్ళకి కడుతుంది.

ఇంత కాలానికి ఇవ్వాలి అన్న నియమం లేదు. తెలిసినవాళ్ళు సిఫారసు రాయడం మర్చిపోయారన్నదే చాలాసార్లు కారణం. మీకు రాలేదని బాధపడే కన్నా, ఈ వారం మీ పక్కవాళ్ళకి ఒక ఉత్తరం రాయండి. మీ సంగతీ ఎవరో ఒకరు గమనిస్తారు.

మా ఆయన బారన్. నేను బారొనెస్ అవుతానా?

మనూళ్ళో దొరగారి భార్య దొరసాని, కలెక్టర్‌గారి భార్యకి కలెక్టరమ్మ అన్న పిలుపు పుట్టింది. ఇక్కడ అలా రాదు. బిరుదు మనిషికి ఇస్తారు, ఇంటికి కాదు. ప్రాంతాన్ని ఇద్దరూ కలిసి పాలిస్తే ఇద్దరికీ ఇస్తారు. కోర్ట్ బారన్ ఒక్కరికి వస్తే ఒక్కరికే. రాజుగారి పక్కన ఏలిన రాణిగారికి కౌంటెస్ బిరుదు రావడానికి కారణం పెళ్ళి కాదు, ఆ ఆరు నెలలు ఆవిడ కూడా ఏలింది. అందుకే విడాకులైనా బిరుదు పోదు.

స్త్రీ రూపం, పురుష రూపం ఎంచుకోవడం మీ చేతుల్లో ఉంది.

స్క్వయర్, అప్రెంటిస్, ప్రొటెజే బిరుదులు కావా?

కావు. నైట్ దగ్గర శిష్యరికం చేసేవాళ్ళు స్క్వయర్, ఎర్ర బెల్ట్. లారెల్ దగ్గర చేసేవాళ్ళు అప్రెంటిస్, ఆకుపచ్చ బెల్ట్. పెలికన్ దగ్గర చేసేవాళ్ళు ప్రొటెజే, పసుపు బెల్ట్. ఇది గురువుకీ శిష్యుడికీ మధ్య ఒప్పందం. రాజుగారు ఇచ్చింది కాదు. 'ఫలానా మాస్టర్ అప్రెంటిస్‌ని' అని పరిచయం చేసుకోవచ్చు. పేరు ముందు 'స్క్వయర్' అని పెట్టుకుని అదే బిరుదు అన్నట్టు రాస్తే ఎవరూ ఒప్పుకోరు.

వేసుకునే బట్టలు, నగలు కూడా బిరుదు చెప్పేస్తాయంటారు. ఏవి వద్దు?

ఇది చదివి తీరాలి. మన పెట్టెల్లోవి అక్కడ వేసుకుంటే తెలియకుండానే హోదా చెప్పుకున్నట్టు అవుతుంది.

తెల్లని నడికట్టు వద్దు. పంచె మీద తెల్లని ఉత్తరీయాన్ని నడుముకి బిగించి కట్టడం మనకి మామూలు. అక్కడ అది నైట్ బెల్ట్‌లా కనిపిస్తుంది. రంగు ఉన్న నడికట్టు వాడండి. అది ఎరుపు, ఆకుపచ్చ, పసుపు కాకుండా చూసుకుంటే ఇంకా మేలు. నీలం, ముదురు గోధుమ రంగు బాగుంటాయి. పంచె తెల్లగా ఉంటే ఇబ్బంది లేదు.

లాకెట్ లేని సాదా బంగారు గొలుసు వద్దు. అది నైట్ గుర్తు. పూసలో, పతకమో ఉన్న హారాలకి పేచీ లేదు. నల్లపూసలు, తాళిబొట్లు ఉన్న మంగళసూత్రం తీయాల్సిన అవసరం లేదు. తలకి కిరీటంలా కట్టే పట్టీల విషయంలో రాజ్యానికో పద్ధతి ఉంది. ఆకులు, ముత్యాలు, కోట బురుజుల్లాంటి పళ్ళు ఉన్నవి అసలు వద్దు. డ్యూక్ కిరీటానికి స్ట్రాబెరీ ఆకులు, బారన్ కిరీటానికి ముత్యాలు ఉంటాయి.

అవార్డ్ ఆఫ్ ఆర్మ్స్ వస్తే వెంటనే నగ కొనకండి. మీ రాజ్యంలో దేనికి అనుమతి ఉందో హెరాల్డ్‌ని అడిగి కొనండి. అడగకుండా కొన్నవి అల్మారాల్లో చాలా ఉంటాయి.

హెరాల్డ్ నా పేరు తప్పు పలుకుతాడేమో. ఏం చెయ్యాలి?

తప్పు పలుకుతాడు, అందుకే ముందే రాసి ఇవ్వండి. చిన్న కార్డు మీద మూడు వరసలు. మొదటి వరసలో మీకు ఇచ్చిన బిరుదు, రెండో వరసలో పేరు, మూడో వరసలో పలికే తీరు. పలికే తీరు ఇలా రాయండి: ఇంగ్లిష్ అక్షరాల్లో ముక్కలుగా విడగొట్టి, నొక్కే ముక్కని పెద్ద అక్షరాల్లో. 'ళ', 'ణ' వాళ్ళకి రావు. 'ల', 'న' అని రాసినా మిమ్మల్నే పిలుస్తున్నారని మీకు తెలుస్తుంది. దీర్ఘం ఎక్కడ ఉందో మాత్రం తప్పనిసరిగా చూపించండి. లేకపోతే 'మారన' కాస్తా 'మరణ' అయ్యే ప్రమాదం ఉంది.

కార్డు దర్బారు మొదలయ్యాక కాదు, ఆ రోజు మధ్యాహ్నమే ఇవ్వండి. హెరాల్డ్ ఒక్కసారి మీ ముందు పైకి చదివి చూసుకుంటే మీకు నిశ్చింత. 'గారు' చేర్చమని అడగకండి. వినసొంపైన మాటే, కానీ వాళ్ళకి అది ఇంటిపేరులా వినిపిస్తుంది.

వేరే రాజ్యానికి ఉద్యోగం మారింది. బిరుదు పోతుందా?

పోదు. డల్లాస్‌లో లార్డ్ అయిన మనిషి న్యూజెర్సీలోనూ లార్డే. కాకపోతే కొత్త రాజ్యపు పట్టికలో మీ పేరు ఉండదు. అవార్డుల వరసని చూసే పట్టికని ఆర్డర్ ఆఫ్ ప్రెసిడెన్స్ అంటారు, దాన్ని చూసుకునే హెరాల్డ్‌కి పాత రాజ్యం పేరు, అవార్డ్ పేరు, అందిన తేదీ రాసి పంపండి. తేదీ తెలియకపోతే పాత రాజ్యపు పట్టికలో ఉంటుంది. ఏటా జులై చివర్లో మొదలై ఆగస్టు దాకా పెన్సిల్వేనియాలో జరిగే పెన్సిక్ యుద్ధానికి వెళ్ళేవాళ్ళు ఈ పని ముందే చేసుకుంటే మంచిది. 1972లో మొదలైన ఆ యుద్ధానికి వేలమంది వస్తారు, పాత రాజ్యం వాళ్ళూ కొత్త రాజ్యం వాళ్ళూ ఒకేచోట ఉంటారు.

వేరే సంస్థలో వచ్చిన బిరుదు మాత్రం ఇక్కడికి రాదు. నిజ జీవితంలో డాక్టరేట్ ఉన్నా, సైన్యంలో కర్నల్ అయినా దర్బారులో వాడరు. ఎస్‌సీఏ బిరుదుకీ బయట ఏ విలువా లేదు. పాస్‌పోర్ట్ ఫారంలో 'లార్డ్' అని రాయకండి.